వరాహస్వామితో పనున్న మనిషి

తిరుపతిలో కాపురం ఉన్నవాడికి బంధువుల కొదవ ఉండదు. ఏనాడూ ఉత్తరం ముక్క రాయనివాళ్ళు కూడా కొండకు వస్తున్నామంటే మన గుమ్మం గుర్తుపెట్టుకుని వస్తారు. పోయిన నెల అట్లాగే మా ఆవిడ తరఫువాళ్ళు వచ్చారు. వాళ్ళ వెంట నేనూ కొండెక్కాను. పుష్కరిణి దగ్గర నిలబడి, ముందు వరాహస్వామిని చూడాలి, ఆ తర్వాతే పెద్ద గుడికి పోవాలి, ఇక్కడి పద్ధతి అది అని చెప్పాను. ఈ కొండ ముందు ఈయనది, పెద్దాయన వచ్చి చోటు అడిగి ఉన్నాడు, అందుకని మొదటి దండం ఈయనకు అని కథ కూడా చెప్పాను. వచ్చినవాళ్ళలో ఒకాయన వాచీ చూసుకుని, టైము లేదండీ, ఈయన్ని వచ్చేసారి చూద్దాం అన్నాడు.

నాకు కోపం రావాల్సిన పని లేదు. నేను అంత భక్తుణ్ణి కాను. ఉన్న ఊరు తిరుపతి కాబట్టి దండం పెడతానే గాని, ఇంకే ఊళ్ళోనో పుట్టి ఉంటే అదీ పెట్టేవాణ్ణి కాదేమో. అయినా కోపం వచ్చింది. ఆ కోపం నాది కాదని, మా ఇంటి వెనక వాటాలో ఉండి పోయిన ఒక ఆడమనిషిదని కిందికి దిగే బస్సులో తెలిసింది. ఆమె ఉండి ఉంటే ఆ వాచీ ఆయన రైలెక్కేదాకా చెవులు మూసుకోవలసి వచ్చేది.

ఆమె కొండకు పోయే తీరే వేరు. నెలకొకసారి పొద్దున్నే బస్సెక్కి పైకి పోయేది. పుష్కరిణిలో కాళ్ళూ చేతులూ కడుక్కుని వరాహస్వామి ముందు నిలబడి ఏవో నాలుగు మాటలు మాట్లాడేది. దొరికిన బస్సెక్కి మధ్యాహ్నం అన్నం వేళకు ఇంట్లో ఉండేది. పెద్ద గుడి వైపు పోయేది కాదు. లడ్డు తెచ్చేది కాదు. మా వీధిలో ఇది చిన్న తప్పు కాదు. కొండకు పోయిన మనిషి ఉత్తచేతులతో దిగివస్తే ఇరుగుపొరుగు ఎట్లా ఊరుకుంటారు? పొడి పొడిగా నాలుగు పలుకులైనా పంచాలి కదా. మా అమ్మ ఆగలేక ఒకరోజు అడిగేసింది, అంత దూరం పోయి పెద్దాయన్ని చూడకుండా ఎట్లా రాబుద్ధి అవుతుందమ్మా అని.

"ఆయన కాడ జనం జాస్తి తల్లీ. అందురికీ ఆయనతోనే పని. నా పని ఈయనతో. ఈయన నాకొక మాట ఇచ్చుండాడు. అది గుర్తుండాదా లేదా అని నెలకొకతూరి అడిగేసి వస్తా."

ఆఫీసులో తన ఫైలు ఎక్కడిదాకా వచ్చిందో కనుక్కుని వచ్చినవాళ్ళ ధోరణిలో చెప్పింది ఆ మాట. 

ఆమెది పెనుమూరు వైపు పల్లె. చెరుకు తోటలు, బెల్లం వండే కొట్టం ఉన్న ఇల్లు. మొగుడు పోయాక కొన్నేళ్ళు ఆ కొట్టం తనే నడిపింది. పిల్లలు లేరు. తొంభైల్లో ఎప్పుడో, తోటలు తమ్ముడికి అప్పగించి, ఇంక కొండ కింద ఉంటానని వచ్చి మా వెనక వాటాలో దిగింది. దిగిన రోజే వీధికంతా తెలిసింది, ఆమె గొంతు వల్ల. చెరుకు ఆడే ఇంజను చప్పుడులో పొయ్యి దగ్గరి మనుషులకు వినపడేట్టు కేకేసి కేకేసి ఆ గొంతు అట్లా తయారైంది. బిందె కాస్త పక్కకు జరపమని చెప్పినా ఇంజను పక్కన నిలబడి చెప్పినట్టే ఉండేది. మా నాయన మధ్యాహ్నపు నిద్ర ఆ రోజుతో పోయింది. కాస్త గొంతు తగ్గించమ్మా అని అడుగుదామని ఆయన వెనక వాటాకు వెళ్ళి, బెల్లం రకాల గురించి అర్ధగంట విని, చేతిలో ఒక బెల్లం అచ్చుతో తిరిగివచ్చాడు. మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

ఆమె మోచేతుల దాకా చర్మం మీద మచ్చలుండేవి, మరిగే పాకం చిందినవి. బెల్లం వండే చోట అసలు పని పాకం చూడటం. గరిటె చివర ఒక చుక్క తీసి నీళ్ళ చెంబులో వేసి, వేళ్ళ మధ్య నలిపి, పెనం దించాలా ఇంకా ఉంచాలా అని చెప్పాలి. ఆమె మనుషుల్ని కూడా అట్లాగే చూసేది. ఎవరి గురించి మాట వచ్చినా బొటనవేలు, చూపుడువేలు గాలిలో కలిపి నలిపి, ఇంకా లేత అనేది, లేకపోతే ముదిరిపోయింది అనేది. వీధిలో ప్రతివాడికీ ఆ పరీక్ష అయింది. నేను బ్యాంకులో ఉద్యోగం చేస్తూ, రెండు పేపర్లు చదువుతూ, దేవుడున్నాడా లేడా అని సాయంత్రాలు వాదన పెట్టుకునేవాణ్ణి కాబట్టి నన్ను లేత కింద తేల్చింది. నన్నెప్పుడూ పొయ్యి మీంచి దించలేదు.

తిరుపతి మొక్కుల ఊరు. మా అమ్మ అయితే పాలవాడు రాకపోయినా మొక్కేది. అట్లాంటి వీధిలో ఆమె ఒక్క మొక్కు మొక్కగా ఎవరూ చూడలేదు. మొక్కేది నమ్మకం చాలనివాళ్ళని, ఇది ఇస్తే అది ఇస్తానని స్వామితో సంతబేరం ఏమిటని ఎదురు తిరిగేది. ఆమెకు ఏదో కీడు ఉందని చుట్టాలెవరో ఒక తాయెత్తు తెచ్చి ఇస్తే, దాన్ని తీసుకుపోయి మా పెరట్లో కాయని జామచెట్టుకు కట్టింది. చెట్టు ఆ ఏడూ కాయలేదు. తాయెత్తు తెచ్చినవాళ్ళు మళ్ళీ వచ్చినప్పుడు ఆ చెట్టు దగ్గరికి తీసుకుపోయి మరీ చూపించింది.

ఇంతకూ ఆ స్వామి ఇచ్చిన మాట ఏమిటో నాకు చెప్పింది ఒక సెలవు రోజు మధ్యాహ్నం. వెనక మెట్ల మీద కూర్చుని చెనక్కాయలు ఒలుస్తూ చెప్పింది.

మొగుడికి రోగం, రొష్టు ఏమీ లేవు. కొట్టంలో పొయ్యి ముందు కూర్చున్నవాడు ఉన్నట్టుండి పక్కకు ఒరిగాడు. మాట పడిపోయింది. కన్ను తెరవలేదు. నట్టింట్లో చాప మీద పడుకోబెడితే అట్లాగే ఉండిపోయాడు. చివరి ఘడియలో నామం నోట పలికితే మంచి గతి, పలకకపోతే లేదని మా వైపు పల్లెల్లో గట్టి నమ్మకం. ఊరంతా చుట్టూ చేరి ఆయన చెవిలో గోవిందా గోవిందా అని అరిచారు. అందరికంటే గట్టిగా ఈమే అరిచింది, ఊళ్ళో పెద్ద గొంతు ఈమెదే కాబట్టి. ఆయన పెదవి కదల్లేదు. అట్లాగే పోయాడు. ఆ ఇంట్లో మనిషి పోయాడన్న ఏడుపు కంటే నామం పలక్కుండా పోయాడన్న ఏడుపు పెద్దదైంది. బిడ్డలు లేరు, తలుచుకునే దిక్కు లేదు, నామం కూడా లేకపోయె, నా కొడుకు ఏ గతి పట్టాడో అని అత్తగారు నెలల తరబడి ఆ మాటే పట్టుకుని ఏడ్చింది. ఈమె పక్కన కూర్చుని వినాలి.

కర్మలన్నీ అయ్యాక ఈమె కొండకు పోయింది. దండం పెట్టడానికి కాదు, అడిగేయడానికి. బాగున్నన్నాళ్ళూ నీ పేరు చెప్పకుండా పొయ్యి వెలిగించని మనిషికి చివర్లో నోరు ఎందుకు కట్టేశావు అని. అడుగుదామని పోయి వరాహస్వామి గుడి ముందు కూలబడి ఏడుస్తుంటే, నామాలు పెట్టుకున్న ముసలి అయ్యవారు ఒకాయన పక్కన కూర్చుని సంగతంతా విన్నాడట. విని, ఈ స్వామి భూదేవికి ఇచ్చిన మాట చెప్పాడట. మనసూ ఒళ్ళూ సరిగ్గా ఉన్నప్పుడు నన్ను తలుచుకున్నవాడు, పోయే వేళకు కట్టెలాగా, రాయిలాగా పడి ఉంటే వాణ్ణి నేను తలుచుకుంటాను, నేనే తీసుకుపోతాను అని.

"కట్టె అయినాక మడిసినేమీ అడగడంట అబ్బయ్యా. ఆయనే తలుసుకుంటాడంట. నా మొగుణ్ణి తలుసుకునేవోడు ఒకడుండాడని తెలిసినాక, ఆ పొద్దు కొండ మింద కడుపు నిండా అన్నం తిన్నా. అన్ని దినాలకి."

నేను దేనికైనా వాదన పెట్టుకునేవాణ్ణి. ఆ రోజు మాత్రం ఆమె పక్కన కూర్చుని చెనక్కాయలు ఒలవడంలో సాయం చేశాను.

అప్పటినుంచి ఆమెకు ఒక పని ఏర్పడింది. ఎవరూ పిలవకపోయినా ఎక్కడ మనిషి చావుబతుకుల్లో ఉన్నాడంటే అక్కడికి పోయేది. మా వీధి చివర ఒక రిటైరైన డ్రిల్లు మాస్టారు తెలివి లేకుండా పడి ఉన్నప్పుడు కొడుకులు, కోడళ్ళు ఆయన చెవి దగ్గర వంతులు వేసుకుని గోవిందలు కొడుతున్నారు. ఈమె గుమ్మంలో నిలబడి, ఆయన బాగున్నప్పుడు దేవుడికి దండం పెట్టేవాడా లేదా అని అడిగింది. పెట్టేవాడన్నారు. అయితే ఇంక మీ పని అయిపోయింది, గమ్మునుండండి అంది. చెవి దగ్గర కాదు, కాళ్ళ దగ్గర కూర్చోండి, మనిషికి చలి కాళ్ళ నుంచి వస్తుంది అని వాళ్ళందర్నీ అటు జరిపి, తనూ కూర్చుని ఆయన అరికాళ్ళు రుద్దింది. ఆ కొడుకులు కొన్నాళ్ళు ఆమెతో మాట్లాడలేదు. ఆమెకు పట్టలేదు.

ఆ తర్వాత కొన్నేళ్ళకు ఆ గొంతు బొంగురుపోయింది. నిజం చెప్పాలంటే మొదట్లో వీధికి సుఖంగానే ఉండింది, ఎవరూ పైకి అనలేదు గాని. మిరియాల పాలు, శొంఠి కషాయం, ఇంకేవో తాగింది. తగ్గలేదు. మింగడం కష్టమైంది. అప్పుడు తమ్ముడు వచ్చి వేలూరు తీసుకుపోయాడు.

ఆ తమ్ముడి గురించి చెప్పాలి. అరవై దాటిన మనిషి, పల్లెలో భజన గుంపుకు పెద్ద. మడత నలగని తెల్ల పంచె, నిగనిగలాడే నల్లటి క్రాపు, కొనలు తిరిగిన మీసం. ఒక్క వెంట్రుక తెల్లగా కనపడనిచ్చేవాడు కాదు. ఆయనకు అక్క అంటే ప్రాణం, అంతకు మించి భయం. వేలూరులో డాక్టర్లు గొంతులో క్యాన్సరు అని, పాకింది అని చెబితే ఆసుపత్రి వరండాలో కూర్చుని ఏడ్చింది ఆయనే. ఆపరేషను చేస్తే మాట పోతుంది, గొంతుకు రంధ్రం పెట్టాలి, అయినా ఎక్కువ కాలం చెప్పలేం అన్నారట. నొప్పి తెలియకుండా ఏం చేస్తావో అది చెయ్యి నాయనా, మిగతాది వద్దు అని ఈమె చెప్పి వచ్చింది. కరెంటు పెట్టించుకోవడానికి మాత్రం ఒప్పుకుంది. రేడియేషన్ని మా వైపు అట్లా అంటారు.

ఆ కరెంటు రోజుల్లోనే తమ్ముడు ఒక పని చేశాడు. అక్క గొంతు తిరిగి వస్తే అక్క తలనీలాలు ఇప్పిస్తానని కొండ మీది స్వామికి మొక్కుకున్నాడు. అక్కను అడగలేదు. మా వైపు అది మామూలే. పిల్లవాడికి జ్వరమొస్తే వాడి జుట్టు తల్లి మొక్కుతుంది, మొగుడికి ఉద్యోగం రావాలంటే మొగుడి జుట్టు పెళ్ళాం మొక్కుతుంది. తల ఎవరిది, నోరు ఎవరిది అని ఎవరూ విచారించరు. ఆయన చేసిన తప్పల్లా తను మొక్కుతున్నది ఎవరి తలో చూసుకోకపోవడం.

కరెంటు అయిపోయిన కొన్ని వారాలకు ఆమె గొంతు నిజంగానే కాస్త తెరుచుకుంది. పాత గొంతులో పావు వంతు కూడా కాదు, అయినా మాట మాటగా వినిపించింది. తమ్ముడు పరుగున వచ్చి, కళ్ళనీళ్ళతో మొక్కు సంగతి బయటపెట్టాడు. ఆ వచ్చిన కాస్త గొంతూ ఆమె ఆయన మీదే ఖర్చు పెట్టింది. నా తల మొక్కడానికి నువ్వెవరివిరా అని మొదలుపెట్టి అలిసిపోయేదాకా తిట్టింది.

ఇచ్చేది లేదంది. ఆయన బతిమాలాడు. అనుకున్న మొక్కు ఎగ్గొడితే ఆ స్వామి ఊరుకోడని, వచ్చిన గొంతు మళ్ళీ తీసుకుపోతాడని వణికిపోయాడు. వీధంతా తమ్ముడి పక్షం. జుట్టే కదమ్మా, మళ్ళీ వస్తుంది అని మా అమ్మ పూటపూటా వెళ్ళి చెప్పింది. ఆమె తల మీద ఉన్నది పిడికెడు కూడా లేదు, దాని మీద మమకారం కాదని నాకు తెలుసు. ఇప్పుడు జుట్టు ఇస్తే ఈ గొంతు మొక్కుకు వచ్చినట్టు. రేపు మళ్ళీ పూడుకుపోతే మొక్కు చాలనట్టు. అప్పుడు ఇంకొకటి మొక్కాలి, అదీ చాలకపోతే ఇంకొకటి. ఊపిరి ఆగేదాకా బేరమే. ఆమె ఆ బేరంలోకి దిగదలుచుకోలేదు. బతుకు మీద ఆశ లేక కాదు. తనకు ఇచ్చిన మాట వేరే ఉంది, దాన్ని వదిలి దీని వెంట పడటం ఆమెకు అవమానంగా తోచింది.

అట్లాంటి మనిషి ఒకరోజు తమ్ముణ్ణి పిలిపించి, పద, మొక్కు తీర్చి వద్దాం అంది. ఆయన సంతోషం చూడాలి. జీపు మాట్లాడాడు. నేనూ సెలవు పెట్టి వెంట వెళ్ళాను. ఆమె చివరికి లొంగిందే అని నాకు లోపల కాస్త దిగులుగానే ఉండింది.

కల్యాణకట్టలో తడి నేల, తడి జుట్టు వాసన, వరసగా కూర్చున్న మంగలివాళ్ళు, ఏడ్చే పిల్లలు. చీటీ, బ్లేడు పట్టుకుని ఆమె వరసలో నిలబడింది. తమ్ముడు చేతులు జోడించి పక్కనే ఉన్నాడు. ఆమె వంతు వచ్చింది. ఆమె కూర్చోలేదు. తమ్ముడి భుజం పట్టి మంగలాయన ముందు కూర్చోబెట్టి, బ్లేడు ఆ మంగలి చేతికిచ్చింది.

"మొక్కినోడు వీడు. వీడికి కొట్టప్పా."

తమ్ముడు కూర్చున్నచోటు నుంచే తల ఎత్తాడు. నీ జుట్టు కదక్కా నేను మొక్కింది అన్నాడు.

"నీ నోటితో ఇచ్చిన మాట అది. నీకుండేదాంట్లో నువ్వు తీర్చల్ల. మాట ఇచ్చినోడే మాట నిలబెట్టుకోవల్ల. నువ్వయినా అంతే, సామయినా అంతే."

వెనక నిలబడ్డవాళ్ళు తొందరపెడుతున్నారు. మంగలాయన ఇద్దరి వంకా చూసి, మీసం కూడానా అమ్మా అని అడిగాడు. అంతా తీసేయమంది. నల్లటి క్రాపు కుప్పగా రాలింది. తర్వాత మీసం. ఎప్పుడూ ఆ మీసం కింద తప్ప ఆయన పెదవులు నేను చూడలేదు, చిన్నపిల్లవాడి పెదవుల్లాగా ఉన్నాయి. ఆయన ఏడుస్తున్నాడో, నీళ్ళు చల్లినందుకు తడిసి ఉన్నాడో తెలియలేదు. స్నానం చేసి వచ్చాక ఆమె తన కొంగుతో ఆ గుండు తుడిచి, అరచేత్తో గంధం రాసింది. రాస్తూ నవ్వింది. జబ్బు తెలిశాక ఆమె అంత నవ్వు నవ్వడం అదే చూశాను. కొసకు తమ్ముడూ నవ్వాడు. అక్కడినుంచి నేరుగా వరాహస్వామి దగ్గరికి నడిచాం. నేను వెనక నిలబడ్డాను. తమ్ముడి లెక్క తీరిపోయింది, ఇంక మిగిలింది నీదే అని ఆమె స్వామికి చెప్పడం వినిపించింది.

గొంతు మళ్ళీ పూడుకుపోయింది. అది జరుగుతుందని ఆమెకు తెలుసు. పల్లె నుంచి చుట్టాలు రావడం మొదలైంది. మింగలేని మనిషికి బత్తాయిలు తెచ్చి పక్కన పెట్టి, దేవుణ్ణి తలుచుకో, నామం విడవొద్దు అని బుద్ధులు చెప్పేవాళ్ళు. పిల్లలు కూడా లేని దానివి, నువ్వన్నా జాగ్రత్తగా ఉండాలి అని ఒకామె అనేసింది. ఆమె అంత నీరసంలోనూ లేచి కూర్చుని ఆ బత్తాయిల సంచి ఎత్తి ఆ చుట్టం ఒళ్ళో పెట్టి గుమ్మం వైపు చూపించింది.

మాట పూర్తిగా పోకముందు ఒక సాయంత్రం నేను ఆమె పక్కన కూర్చుని ఉన్నాను. ఎన్నాళ్ళుగానో నాలో ఉన్న ప్రశ్న అడిగేశాను. అడగకూడదనిపించింది, అయినా ఆమె దగ్గర దాపరికం చేతకాదు. ఆ స్వామి రాకపోతే ఏం చేస్తావు పెద్దమ్మా అన్నాను.

ఆమె కోప్పడలేదు. గాలి పీల్చుకుంటూ, ఆగి ఆగి, గుసగుసగా చెప్పింది.

"రాకపోతే ఆయన మాట పోతాది. నాదేం పోతాది అబ్బయ్యా? నేను చేయాల్సింది బాగుండినప్పుడే చేసేసినా."

భయం లేదా అన్నాను.

"ఎందుకు లేదు? గొంతు మూసుకపోయినట్టు వస్తాది. అప్పుడు దేవుడూ గుర్తుకు రాడు, ఎవురూ గుర్తుకు రారు. గాలి కోసరమే కొట్టుకుంటా. అందుకే కదా ఆయన ఆ మాట ఇచ్చింది. గుర్తుకొచ్చేవోళ్ళకయితే ఆ మాటతో పనేముండాది?"

కాసేపు కళ్ళు మూసుకుంది. నిద్రపోయిందనుకుని లేవబోయాను. చెయ్యి పట్టుకుని ఆపింది.

"మీరు చెవులో అరిసి గుర్తు చేయొద్దండి. మీరు గుర్తు చేస్తే నేను పలికినట్టు అవుతాది. నేను కట్టెగానే పోవల్ల. ఆయనే తలుసుకోవల్ల. వస్తాడో రాడో నేనూ సూస్తా."

దేవుణ్ణి నమ్మేవాళ్ళ మధ్యనే పుట్టి పెరిగాను. పూజలు చేసేవాళ్ళను, ఉపవాసాలు ఉండేవాళ్ళను, మోకాళ్ళ మీద కొండెక్కేవాళ్ళను చూశాను. దేవుణ్ణి ఆయన మాటకే కట్టేసి, చేతులు కట్టుకుని ఎదురుచూసిన మనిషిని ఆమె ఒక్కర్తినే చూశాను. ఆ సాయంత్రం నాకు ఆమె మీద ప్రేమ, ఆ స్వామి మీద చచ్చేంత కోపం రెండూ కలిగాయి. రాకపోయావో చూడు అని మనసులో అన్నాను. లేడని వాదించేవాణ్ణి ఆ మాట ఎవరితో అన్నానో ఇప్పటికీ తెలియదు.

ఆ తర్వాత మాట లేదు. ముక్కులో గొట్టం పెట్టారు, గంజి, మజ్జిగ అందులోంచే. చేతులే మాట్లాడేవి. నీళ్ళు కావాలంటే చప్పట్లు కొట్టేది, ఎవరైనా ఓదార్చబోతే చెయ్యి అడ్డంగా ఊపేది. తమ్ముడు పల్లె వదిలేసి వచ్చి అక్కడే ఉండిపోయాడు. ఆయన జుట్టు మళ్ళీ మొలిచింది, తెల్లగా. రంగు వేయలేదు. ఆమె ఆయన్ను దగ్గరికి పిలిచి ఆ తెల్ల మొలకల మీద అరచెయ్యి అటూ ఇటూ రాసేది. ఆయన తల వంచుకుని కూర్చునేవాడు.

అరవొద్దని అక్క చెప్పిన మాట ఆయనకూ తెలుసు. ఆయన సరే అనలేదు, కాదనలేదు. బావ పోయినప్పుడు ఆయన కూడా ఆ చాప పక్కనే ఉన్నాడు. పెదవి కదలని ఆ ముఖం చూశాడు. అక్క కూడా అట్లా పోతుందేమోనన్న భయం ఆయన్ను లోపల తినేస్తోందని చూసేవాళ్ళకు తెలుస్తూనే ఉంది. చేతనైనదల్లా నామం పలికించడం ఒక్కటే అయిన మనిషి, సొంత అక్క దగ్గర నోరు మూసుకుని ఎట్లా ఉంటాడు?

ఆ రోజు నేను బ్యాంకుకు బయలుదేరుతున్నాను. మా అమ్మ పెరట్లోంచి పిలిచింది. వెళ్ళేసరికి ఆమెకు ఊపిరి ఎగదోస్తోంది. కళ్ళు మూతపడి ఉన్నాయి. పిలిస్తే పలుకు లేదు, గిల్లినా కదలిక లేదు. చేతులు రెండూ పక్కన పడేసినట్టు ఉన్నాయి. అమ్మ తులసి తీర్థం గ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడింది. నేను వెళ్ళి కాళ్ళ దగ్గర కూర్చుని అరికాళ్ళు పట్టుకున్నాను. అప్పటికే చల్లగా ఉన్నాయి.

తమ్ముడు తలాపున మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. అక్క ముఖం చూశాడు, నా వంక చూశాడు. ఇంక ఉండలేకపోయాడు. వంగి ఆమె చెవి దగ్గర నోరు పెట్టి, గుండె నిండా గాలి పీల్చుకున్నాడు. నేను వద్దనబోయాను.

మొదటి అక్షరం సగం వచ్చి ఉంటుంది. ఆమె కుడి చెయ్యి లేచింది. ఇంక లేవదని మేమందరం అనుకున్న చెయ్యి. కళ్ళు తెరవలేదు, తల తిప్పలేదు. ఆ చెయ్యి గాలిలో తడుముకుంటూ పోయి తమ్ముడి నోటి మీద పడి, దాన్ని మూసేసింది.

ఆయన కళ్ళ నుంచి నీళ్ళు కారి ఆమె వేళ్ళ మీద పడుతున్నాయి. గోడ అవతల వీధిలో ఎవరో ఆటోవాణ్ణి పిలుస్తున్నారు. చాలాసేపటికి ఆమె వేళ్ళలో పట్టు సడలింది. చెయ్యి నోటి మీంచి కిందికి జారబోయింది. ఆయన రెండు చేతులతో దాన్ని పట్టుకున్నాడు. పట్టుకుని పక్కన పెట్టలేదు. మళ్ళీ పైకి తెచ్చి, తన నోటి మీద తనే గట్టిగా అదుముకున్నాడు.

ఊపిరి ఆగిందని అమ్మ చెప్పింది. నేను లేచి నిలబడ్డాను. ఊరందరి చేత గోవింద పలికించిన ఆ మనిషి మాత్రం అక్క చెయ్యి చల్లబడిపోయేదాకా ఆ చెయ్యి వెనక నోరు మూసుకుని, ఆ గదిలోకి ఇంకెవరి మాటో రావలసి ఉన్నట్టు చెవి ఒగ్గి కూర్చున్నాడు.